మంగళవారం కనపడని మొసలి

మా ఆఫీసులో నేను రాసిన మొట్టమొదటి తెలుగు వాక్యం ఇది: "మకర దర్శన ఆవృత్తి విశ్లేషణ ననుసరించి, వారాంతమున దర్శన సాంద్రత అధికముగా నమోదు చేయబడియున్నది."

దీనికి నాకు ఒక పూట పట్టింది. ఫోన్‌లో నిఘంటువు తెరిచి పెట్టుకుని, ఒక్కో ఇంగ్లీషు మాటకి దొరికిన అర్థాల్లో అన్నిటికన్నా బరువైనదాన్ని ఏరి, వరసగా పేర్చాను. పూర్తయ్యాక కుర్చీ వెనక్కి జరుపుకుని చూస్తే శిలాశాసనంలా గంభీరంగా కనపడింది. సైన్సు అంటే ఇలాగే ఉండాలనుకున్నాను.

మా మేడం దాన్ని పైకి చదివారు. ఆవిడకి అదొక అలవాటు. ఎవరేం రాసి ఇచ్చినా రేడియోలో వార్తలు చదివినట్టు గొంతెత్తి చదువుతారు. "చేయబడియున్నది" దగ్గరికి వచ్చేసరికి ఊపిరి అయిపోయింది. మంచినీళ్లు తాగి అడిగారు.

"ఈ మకరం ఎవరు బాబూ? రాశిఫలాలు రాస్తున్నావా?"

"మొసలి, మేడం."

"మరి మొసలి అని రాస్తే కరుస్తుందా?"

డెలానీపూర్‌లో ఒక పాత మేడ మీద రెండు గదులు, అదీ మా ఆఫీసు. పోర్ట్ బ్లెయిర్ చుట్టుపక్కల ఎవరికి ఎక్కడ మొసలి కనిపించినా మాకు ఫోన్ చేస్తారు. ఎక్కడ, ఎప్పుడు, ఎంత పొడుగు అని అడిగి కంప్యూటర్లోకి ఎక్కించడం నా ఉద్యోగం. మొదటి రెండిటికీ జవాబులు బాగానే వస్తాయి. పొడుగు దగ్గరే తంటా. ఒడ్డు మీద నుంచి చూసినవాడి మొసలి డోంగీ పడవలో సగం ఉంటుంది. డోంగీలో కూర్చుని చూసినవాడి మొసలి డోంగీని మించిపోతుంది. ఆ కథని మరుసటి రోజు బావమరిది చెబితే డోంగీ చాలదు, స్టీమరు కావాలి.

నేను ఇక్కడే పుట్టాను. తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబం మాది. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, కాలేజీలో ఇంగ్లీషు. తెలుగులో మాట్లాడటం వచ్చు, పోట్లాడటం ఇంకా బాగా వచ్చు, రాయడం మాత్రం అమ్మ వేసవి సెలవుల్లో కూర్చోబెట్టి నేర్పినంతే. చదివింది ఇన్‌స్ట్రుమెంటేషన్ డిప్లొమా, అంటే కొలిచే పరికరాల చదువు. ఆ చదువు వల్ల నాకు లోకం మూడు రకాలుగా కనపడుతుంది: కొలిచినవి, ఇంకా కొలవనివి, మా మామయ్య.

కాలనీల్లో అంటించడానికి ఒక కాగితం తయారుచెయ్యాలని మేడం అన్నారు. మా దగ్గరున్న లెక్కలు చూసి జనానికి నాలుగు ముక్కలు చెప్పాలి. హిందీది వేరేవాళ్లు రాశారు. తెలుగుది నామీద పడింది, "తెలుగోడివి కదా" అని. శిలాశాసనం కొట్టేశాక రెండో వాక్యం రాశాను: "మొసళ్లు ఆదివారం ఎక్కువగా కనిపించాయి." మేడం చదివారు. ఈసారి ఊపిరి మిగిలింది. "ఇది తెలుగు" అన్నారు. దాని కింద జాగ్రత్తలు రెండు మూడు రాయించి, మాయాబందర్ వైపు టూర్‌కి వెళ్లిపోయారు.

ఆవిడ వెళ్లాక కాగితం కింద సగం ఖాళీగా మిగిలింది. ఖాళీ చూస్తే నాకు దురద. కంప్యూటర్లో ఒక్క బటన్ నొక్కితే బార్ చార్ట్ వస్తుంది. వారంలో ఏడు రోజులకి ఏడు స్తంభాలు. ఆదివారానిది కొబ్బరి చెట్టులా నిలబడింది. మంగళవారానిది నేల మీద చాపలా పరుచుకుంది. మిగతావి మధ్యలో సర్దుకున్నాయి. చాలా అందంగా ఉంది. నీలం రంగు కూడా వేశాను. బ్రూక్షాబాద్ బస్‌స్టాప్ పక్కనున్న కిరాణా కొట్టు గోడకి స్వయంగా వెళ్లి అంటించి వచ్చాను.

మర్నాడే మామయ్య ఫోన్ చేశాడు.

"అరే అల్లుడూ! నీ కాగితం చూశాను. శభాష్! ఇన్నాళ్లకి మీ ఆఫీసు పనికొచ్చే ముక్క ఒకటి చెప్పింది."

"ఏం చెప్పింది మామయ్యా?"

"మంగళవారం మొసలికి సెలవని."

మామయ్య అంటే మా అమ్మకి అన్న. హార్బర్‌లో ఉద్యోగం చేసి ఈమధ్యే రిటైరయ్యాడు. ఉండేది బ్రూక్షాబాద్‌లో. ఆయన ఇంటికి కొంచెం దూరంలో మడ చెట్ల మధ్యకి సముద్రం నీళ్లు చొచ్చుకొచ్చే ఉప్పుటేరు ఒకటి ఉంది. దాన్ని మేమంతా ఖాడీ అంటాం. నీళ్లు దిగినప్పుడు అందులోకి మోకాలి లోతున దిగి, బురదలో కన్నాలు వెతికి, ఇనుప కొక్కెంతో మడ పీతల్ని బయటికి లాగడం మామయ్యకి ప్రాణం. రిటైరైన మనిషికి వేరే వ్యాపకం ఏముంది అంటాడు. ఉద్యోగంలో ఉన్నప్పుడు కూడా వేరే వ్యాపకం ఉన్నట్టు నాకు గుర్తు లేదు.

అయితే ఈమధ్య ఆ ఖాడీలోనే మొసలి కనపడింది. ఒకసారి కాదు. అప్పటి నుంచి అత్త కొక్కేన్ని బియ్యం డబ్బా వెనక దాచేసింది. నీళ్లలో కాలు పెట్టడానికి వీల్లేదంది. మామయ్య అన్నం సరిగ్గా తినకుండా, టీవీ సరిగ్గా చూడకుండా, ఇంట్లో తలుపు తలుపుకీ నిలబడి నిట్టూర్చాడు. అత్త కరగలేదు. ఇప్పుడు ఆయన చేతికి నా కాగితం దొరికింది.

"ఆఫీసోళ్లు రాశారు, ఇంకేటి కావాలి? మంగళవారం స్తంభం చూశావా, చీమ కూడా ఎక్కేయొచ్చు. వచ్చే మంగళవారం దిగుతున్నాను. మీ అత్తకి నువ్వే చెప్పు."

ఆ సాయంత్రమే బస్సెక్కి బ్రూక్షాబాద్ పోయాను. ముందు కొట్టు గోడ మీంచి కాగితం పీకేశాను. కొట్టాయన నవ్వి, ఫోన్ తీసి చూపించాడు. కాగితం ఫొటో అప్పటికే కాలనీ గ్రూపులో ఉంది. దాని కింద నమస్కారాలు, పువ్వులు, "థాంక్యూ భయ్యా" లు. గోడ మీంచి పీకగలిగేది పీకాను, ఫోన్లలోంచి పీకలేను.

మామయ్య వరండాలో కూర్చుని ఉన్నాడు. నేను వేళ్లు మడుస్తూ మొదలుపెట్టాను.

"ఒకటి, ఆ చార్టు మొసళ్ల లెక్క కాదు, మొసళ్లని చూసి ఫోన్ చేసినవాళ్ల లెక్క. రెండు, ఆదివారం అందరికీ సెలవు, ఖాడీ దగ్గర జాతరలా ఉంటుంది, ఎవరో ఒకరు చూస్తారు. మూడు, మంగళవారం మన పేటలో చాలా ఇళ్లలో నీచు వండరు. చేపలు అమ్ముడుపోవు, పీతలు అమ్ముడుపోవు. అందుకని ఖాడీకి ఎవరూ పోరు. చూసేవాడే లేకపోతే ఫోన్ ఎవడు చేస్తాడు?"

"అయిందా?"

"నాలుగోది కూడా ఉంది."

"వేలు దించు. మంగళవారం ఎవరూ పోరు. అంతే కదా నువ్వనేది?"

"అవును."

"అంటే నాకు పోటీ లేదు. మొసలీ లేదు. ఇంతకన్నా మంచి రోజు ఏది రా? పట్టినవి తడి గోనెసంచి కింద పెడితే బుధవారం దాకా బతికే ఉంటాయి. బుధవారం కూర."

"మొసలి లేదని ఎవరన్నారు?"

"నువ్వే. నీలం రంగేసి మరీ అన్నావు."

అత్త గుమ్మంలో నిలబడి అంతా విన్నది. ఆవిడ చిన్నపిల్లల స్కూల్లో టీచరు. వాదనల మధ్యలోకి రాదు. ఆఖర్న ఒక్క మాట అంటుంది, దానితో గంట కొట్టేసినట్టే.

"చూడు నాన్నా. నేను చెబితే ఈయన వినడు, నువ్వు చెబితే వినడు. కాగితం చెబితే విన్నాడు. మంగళవారం లోపల ఇంకో కాగితం రాయి."

అలా నేను రాసే నాలుగు ముక్కల మీద మా మామయ్య కాళ్లు ఆధారపడ్డాయి.

మర్నాడు మేడంకి ఫోన్ చేశాను. మాయాబందర్‌లో సిగ్నలు సముద్రం అలలా వస్తూ పోతూ ఉంటుంది. జరిగింది మొత్తం చెప్పాను. తిడతారనుకున్నాను. కాసేపు ఏమీ వినపడలేదు. సిగ్నలు పోయిందేమో అనుకుంటుండగా నవ్వుతున్నారని తెలిసింది.

"మంగళవారం మొసలికి సెలవు! బాగుంది. ఇప్పుడు నీ వాక్యం చదువు."

"మొసళ్లు ఆదివారం ఎక్కువగా కనిపించాయి."

"ఎవరికి?"

"మేడం?"

"కనిపించాయి సరే, ఎవరికి కనిపించాయి? మనం ఇద్దరం ఆ మాట వదిలేశాం. నేనూ చూసుకోలేదు. చూసినవాడు వాక్యంలో లేడు. అందుకే చదివినవాళ్లకి మొసలి ఒక్కటే మిగిలింది. చూసినవాణ్ణి తెచ్చి కూర్చోబెట్టు."

"సరే మేడం. ఇంకో కాగితం రాస్తాను. ఈసారి అన్ని షరతులూ పెడతాను."

"వద్దు బాబూ. షరతులు మనల్ని కాపాడుకోవడానికి. నీ కాగితం చదివేవాడు ఖాడీ ఒడ్డున, ఒక కాలు అప్పటికే బురదలో పెట్టి చదువుతున్నాడనుకో. వాడికి ఎంతసేపు తీరిక ఉంటుంది? రెండో కాలు ఏం చెయ్యాలో..." అక్కడ సిగ్నలు నిజంగానే పోయింది.

నేను చదువుకున్న చదువులో తప్పు రాకుండా ఉండటం ఒక్కటే నేర్పారు. తప్పు రాకూడదంటే ఒక పద్ధతి ఉంది. ప్రతి మాట పక్కనా "సాధారణంగా", "బహుశా", "లభ్యమైన సమాచారం మేరకు" అని కాపలా పెట్టాలి. అప్పుడు ఎవరూ మనల్ని పట్టుకోలేరు. మొసలి మాత్రం పట్టుకుంటుంది. ఇది తెలిసి కూడా ఆ శనివారం నేను రాసిన కాగితం నిండా కాపలావాళ్లే. అలవాటు అంత తొందరగా పోదు.

ఆదివారం సాయంత్రం దాన్ని పట్టుకుని మళ్లీ అత్త ఇంటికి వెళ్లాను. అత్త ఇడ్లీకి మినప్పప్పు రుబ్బుతోంది. వంటింటి గుమ్మంలో పీట వేసుకుని చదవడం మొదలుపెట్టాను.

"లభ్యమైన సమాచారం మేరకు, పరిశీలకుల సంఖ్యలో గల వ్యత్యాసముల దృష్ట్యా..."

మిక్సీ గుర్రుమంది. నేను ఆగాను. మిక్సీ ఆగింది.

"వ్యత్యాసముల దృష్ట్యా, వివిధ దినములందు..."

మళ్లీ గుర్రుమంది. పప్పు ఎంత రుబ్బాలో నాకు తెలియదు గానీ, నేను నోరు తెరిచినప్పుడే రుబ్బాల్సి రావడం కాకతాళీయం కాదనిపించింది.

"అత్తా, కావాలని చేస్తున్నావా?"

"మా క్లాసులో పిల్లలు బెంచీలు కొడతారు. నేను టీచర్ని కదా, మర్యాదగా మిక్సీ వేశాను."

"ఎక్కడ అర్థం కాలేదు?"

"అర్థం కాకపోవడమేటి? ముందే నిద్రొచ్చింది. నీ కాగితంలో మనుషులు లేరు నాన్నా. ఎవరు పోయారు, ఎవరు చూశారు, చూసి ఏం చేశారు, అది చెప్పు. వ్యత్యాసాలు ఖాడీకి పోవు కదా."

కొట్టేశాను. కొత్తగా రాశాను. "ఆదివారం చాలామంది ఖాడీకి వెళ్తారు. అందుకే ఆదివారం మొసలి ఎక్కువమందికి కనపడుతుంది." చదివాను. అత్త మిక్సీ వేయలేదు. తలుపు పక్కకి ఆనుకుని వింది.

"ఇది బాగుంది. తర్వాత?"

తర్వాతే రావడం లేదు. మంగళవారం సంగతి చెప్పాలి. చూసేవాళ్లు లేరు అని రాస్తే మామయ్య "అయితే మొసలీ లేదు" అంటాడు. మొసలి ఉంది అని రాద్దామంటే, ఉందని నాకూ తెలియదు. ఎవరూ చూడలేదు కదా. తెలియదు అని రాస్తే "ఆఫీసోళ్లకే తెలియదంట" అని గ్రూపులో పెడతారు. పెన్ను మూత పళ్లతో కొరుకుతూ కూర్చున్నాను.

అప్పుడు పెరటి తలుపు తోసుకుని మామయ్య లోపలికి వచ్చాడు. నోట్లో సోంపు వేసుకుని గట్టిగా నములుతున్నాడు. అత్త ముక్కు ఎగబీల్చింది.

"ఆదివారం కూడా ఆగలేవా? మళ్లీ సిగరెట్టు!"

"ఒక్కటి. పక్కింటాయన ఇచ్చాడు. కాదంటే బాగోదు."

అత్త నా వైపు తిరిగి చెప్పింది. "మానేశానని దేవుడి ముందు ఒట్టేశాడు. పాపం, చాలావరకు మానేశాడనుకో. వారమంతా బుద్ధిగా ఉంటాడు. ఈ ఆదివారం ఒక్కరోజే ఏమొస్తుందో, ఏదో ఒక మూల దొరుకుతాడు."

నేను పెన్ను నోట్లోంచి తీశాను.

"అత్తా, వారమంతా తాగడని నీకెలా తెలుసు?"

"నేనెప్పుడూ చూడలేదు కదా."

"వారమంతా పగలు నువ్వెక్కడ ఉంటావు?"

"స్కూల్లో."

అన్నాక ఆవిడే ఆగిపోయింది. మామయ్య నమలడం ఆగిపోయింది.

"అరే అల్లుడూ," అన్నాడు మామయ్య చాలా ప్రేమగా, "బస్సు టైమవుతున్నట్టుంది. పోవా?"

"ఇంకా ఉంది మామయ్యా. ఇప్పుడు నువ్వే చెప్పు. మంగళవారం ఖాడీలో ఎవరూ మొసలిని చూడలేదు. అంటే మంగళవారం మొసలి లేనట్టేనా?"

"లేనట్టే. ముందు నుంచీ అదే కదా చెబుతున్నాను."

"మంచిది. మంగళవారం ఇంట్లో నువ్వు సిగరెట్టు తాగడం కూడా ఎవరూ చూడలేదు. అది కూడా లేనట్టేనా?"

"లేనట్టే!" అన్నాడు ఛాతీ విరుచుకుని.

అత్త తడి చేతులు చీర కొంగుకి తుడుచుకుంది. పెరట్లోకి వెళ్లింది. మామయ్య ఆవిడ వెనకే మెడ సాచాడు. ఆవిడ నీళ్ల ట్యాంకు వెనకాల వంగి, తిరిగి వచ్చి, గుప్పిట తెరిచి గట్టు మీద పోసింది. సిగరెట్టు ముక్కలు. వాన నీటికి నాని ఉబ్బినవి కొన్ని, ఎండకి మాడినవి కొన్ని. అన్నీ ఒక్క ఆదివారంవి కావని చెప్పడానికి ఇన్‌స్ట్రుమెంటేషన్ చదవక్కర్లేదు.

"ఇప్పుడు చెప్పు," అంది. "నేను చూడకపోతే లేనట్టా?"

మామయ్య మొహం చూస్తే నాకు జాలి వేసింది. అంతకన్నా ఎక్కువ సంతోషం వేసింది. లేనట్టే అంటే ముక్కలు ఎదురుగా ఉన్నాయి. ఉన్నట్టే అంటే మంగళవారం పోయింది. ఆయన సీలింగు ఫ్యాను చూశాడు, క్యాలెండర్ చూశాడు, నన్ను కోపంగా చూశాడు.

"చూడకపోతే..." అన్నాడు.

"ఊఁ?"

"చూడకపోతే, ఉందో లేదో చెప్పలేం."

నేను కాగితం మీద అదే మాట రాసుకున్నాను. నాకు శనివారం అంతా రాని వాక్యం, ఇరుకున పడ్డ మనిషి నోట్లోంచి అలా సాఫీగా వచ్చింది. అందులో కాపలావాళ్లు లేరు. తప్పు కూడా లేదు.

"ఏటి రాస్తున్నావు?" అన్నాడు అనుమానంగా.

"నువ్వన్నదే."

"సిగరెట్టు మాట రాయకు."

"మొసలి మాట మాత్రమే."

సోమవారం మేడం టూర్ నుంచి వచ్చారు. నేను రాసినదాన్ని వార్తల గొంతుతో చదివారు. అప్పుడు అది ఇలా ఉంది:

"ఆదివారం చాలామంది ఖాడీకి వెళ్తారు. అందుకే ఆదివారం మొసలి ఎక్కువమందికి కనపడుతుంది. మంగళవారం ఖాడీకి దాదాపు ఎవరూ వెళ్లరు. అందుకే మంగళవారం మొసలి కనపడిందని మాకు ఫోన్లు రావు. చూడకపోతే, ఉందో లేదో చెప్పలేం. ఏ రోజూ ఖాడీ నీళ్లలో దిగకండి."

మేడం మొదటి నుంచి చివరిదాకా ఎక్కడా ఆగలేదు. చదివాక కాగితాన్ని బల్ల మీద పెట్టి, ఆఖరి వాక్యాన్ని పెన్సిల్‌తో సున్నా చుట్టి, బాణం గీసి, అన్నిటికన్నా పైకి పంపారు.

"ఒక కాలు బురదలో ఉన్నవాడు ముందు ఇది చదవాలి. మిగతాది ఒడ్డుకి వచ్చాక చదువుకుంటాడు."

నేను సరేనన్నాను. ఫలితం ఆఖర్న చెప్పాలని నాకు నేర్పారు: ముందు పద్ధతి, తర్వాత లెక్కలు, తర్వాత చర్చ, అన్నీ దాటి వచ్చినవాడికి ఫలితం. మొసలి ఆ వరస పాటించదని ఎవరూ చెప్పలేదు. కింద సగం కాగితం మళ్లీ ఖాళీగా మిగిలింది. ఈసారి ఏమీ పెట్టలేదు. అక్షరాలు పెద్దవి చేశాను.

"ఈ 'చూడకపోతే' అన్న ముక్క బాగుంది," అన్నారు మేడం. "నీదేనా?"

"మా మామయ్యది, మేడం."

"ఆయన సైంటిస్టా?"

"ఆయనకి అప్పుడు వేరే దారి లేదు."

సాయంత్రం కొట్టు గోడకి అంటించాను. కాలనీ గ్రూపులో కూడా పెట్టాను. ఇక్కడి కుర్రాళ్లలో చాలామందికి తెలుగు మాట్లాడినంత బాగా చదవడం రాదు, నాలాగే. అందుకని నేనే చదివి ఆడియో కూడా పంపాను. పువ్వులు మళ్లీ వచ్చాయి. మామయ్య దగ్గర నుంచి పువ్వు రాలేదు, ఫోన్ వచ్చింది.

"అల్లుడూ, చదివాను. చూసేవాళ్లు లేరు, అదే కదా నీ బాధ?"

"అవును."

"అయితే నేను చూస్తాను. మంగళవారం నేనే పోయి చూస్తాను. రాదని చూపించాక నీ గోడ మీద రాయి, పెద్ద అక్షరాలతో."

చూస్తాను అన్న మనిషి చేతిలో కొక్కెం ఉంటే ఏం చూస్తాడో నాకు తెలుసు. బియ్యం డబ్బా వెనక వెతికితే దొరక్కపోదు. అత్త పొద్దున్నే స్కూలుకి పోతుంది. ఆలోచించకుండా నోటికి వచ్చింది చెప్పాను.

"చూడు మామయ్యా. కానీ దానికి రూలుంది. వంగి కన్నంలో కొక్కెం పెట్టేవాడికి బురద తప్ప ఏమీ కనపడదు. అలాంటివాడి మాట మేం రాసుకోం. ఖాడీ మీద కాలినడక బ్రిడ్జి ఉంది కదా, దాని మీద నిలబడి చూడాలి. నీళ్లు పూర్తిగా దిగి, మళ్లీ ఎక్కేదాకా. మధ్యలో నీళ్లలో కాలు పెట్టావా, లెక్క క్యాన్సిల్."

"ఇదెక్కడి రూలు?"

"ఆఫీసు రూలు."

అప్పటికి అది ఆఫీసు రూలు కాదు. మంగళవారం పొద్దున్న మేడంకి చెప్పగానే "మంచి రూలు" అన్నారు కాబట్టి, మామయ్య బ్రిడ్జి చేరేసరికి అయింది.

ఆ పొద్దున్న నేను చేసిన పని ఏమీ లేదు. ఫోన్ బల్ల మధ్యలో పెట్టుకుని దాన్నే చూస్తూ కూర్చున్నాను. కాగితం పనిచేసిందో లేదో కొలవడానికి నా దగ్గర పరికరం లేదు. మోకాళ్ల దాకా బురద లేకుండా ఇంటికి వచ్చే ఒక మనిషి, అదొక్కటే కొలత. నీళ్లు దిగే వేళ అయింది. దిగిపోయిన వేళ అయింది. మళ్లీ ఎక్కే వేళ దాటింది. మేడం టీ కప్పు తెచ్చి పక్కన పెట్టారు. టీ చల్లారాక ఫోన్ మోగింది.

"రాసుకో," అన్నాడు మామయ్య. గొంతులో అధికారం ఉంది. "మంగళవారం. పొద్దున్న. బ్రిడ్జి మీద నేనొక్కణ్ణే. కాళ్లు పొడిగా ఉన్నాయి, కావాలంటే ఫొటో పంపుతాను. మొసలి లేదు."

"కనపడలేదు."

"అదే."

"అదే కాదు మామయ్యా."

అవతల మడ చెట్ల మీద కొంగలేవో అరుస్తున్నాయి. చివరికి పళ్లు బిగించి అన్నాడు.

"సరే. నేను చూశాను. నాకు కనపడలేదు. బస్, చాలా?"

"బస్."

రాసుకుందామని కంప్యూటర్ తెరిచాక తెలిసింది, దీన్ని ఎక్కించడానికి మా షీట్లో చోటే లేదు. చూసినవాళ్లు ఫోన్ చేస్తారని ఉంది గానీ, చూసినా ఏమీ కనపడనివాళ్లు కూడా ఫోన్ చేస్తారని మేమెవరమూ అనుకోలేదు. మేడంని పిలిచాను. ఆవిడ నా భుజం మీంచి వంగి చూసి, "కొత్త వరస ఒకటి వెయ్యి. ఎవరు చూశారు, ఎంతసేపు చూశారు, కనపడిందా లేదా," అన్నారు. చూసినవాణ్ణి వాక్యంలోకి తేవడానికి అన్ని అవస్థలు పడ్డ నాకు, అదే మనిషిని షీట్లోకి తేవాలని తట్టనేలేదు. మామయ్యని మొట్టమొదట ఎక్కించాను. పేరు పక్కన "రిటైర్డ్, అనుభవజ్ఞుడు" అని రాశాను. ఆయన అడుగుతాడని తెలుసు.

సాయంత్రం అత్త ఫోన్ చేసింది. మామయ్య పడుకున్నాడట, ఎండలో నిలబడి అలిసిపోయి. నిద్రలో కూడా గెలిచినట్టు మొహం పెట్టాడట.

"బురద లేదు కదా?"

"చెప్పులకి కూడా లేదు. నేను చూశాను," అంది. ఆ 'చూశాను' ని కొంచెం నొక్కింది. తర్వాత గొంతు తగ్గించింది. "ఒక మాట చెప్పు నాన్నా. మంగళవారం మొసలి రాదని నిజంగా రుజువు కావాలంటే ఈయన ఇలా ఎన్ని మంగళవారాలు నిలబడాలి?"

"అది చెప్పడం కష్టం అత్తా. ఒకటి, నీళ్లు దిగే వేళ వారం వారం మారుతుంది. రెండు, బ్రిడ్జి మీంచి వంపు అవతల కనపడదు. మూడు..."

"ఒక్క ముక్కలో."

"చాలా కావాలి."

"ఆ ముక్క ఆయనకి రాసి పంపు. కళ్లజోడు లేకుండా కూడా కనపడేలా."

నేను ఎన్నిసార్లు కొట్టేసి రాశానో చెప్పను గానీ, చివరికి పంపింది ఇది: "మామయ్యా, ఒక్క మంగళవారం చూస్తే చాలదు. వచ్చే మంగళవారం కూడా బ్రిడ్జి మీంచే చూడాలి."

పడుకున్నాడన్న మనిషి వెంటనే జవాబిచ్చాడు, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టి: "చూస్తాను. కుర్చీ ఆఫీసే ఇవ్వాలి."